ప్రత్తిసీమ వైద్యుడు జోసెఫ్ గోల్డ్‌బెర్గరు

ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలో అమెరికా సంయుక్తరాష్ట్రముల దక్షిణభాగమున వసంతకాలము వచ్చినదనగా పేదల ఇండ్లలో భయము ప్రవేశించెడిది. చేతులమీదను, పాదములమీదను, మెడచుట్టును చర్మము ఎండకు కమిలినట్లు ఎర్రబడి, పిదప నల్లబడి, పొలుసులుగా రాలెడిది. నాలుక పుండ్లుపడి అన్నము సహింపదు. విరేచనములు పట్టుకొని రోగి శుష్కించును. కొందరికి మతి చలించును. అట్టివారిని పిచ్చియాసుపత్రులకు పంపెడివారు. వారిలో అనేకులు మరల ఇల్లు చూడకయే పోయెడివారు. ఈ రోగమునకు పెల్లగ్రా యని పేరు. 1906 మొదలు 1940 వరకు ఆ దేశమున సుమారు ముప్పది లక్షలమంది దీని వాతబడిరనియు, వారిలో లక్షమంది మరణించిరనియు చరిత్రకారుల అంచనా. ఇది సూక్ష్మజీవులవలన వచ్చునది కాదనియు, పేదవాని కంచములోని కొరతవలన వచ్చుననియు, ఆ కొరతకు మూలము కూలిరేట్లలోను, ప్రత్తిధరలోను, కౌలుషరతులలోను ఉన్నదనియు నిరూపించిన వైద్యుడు జోసెఫ్ గోల్డ్‌బెర్గరు.

ఆయన 1874వ సంవత్సరము జూలై 16వ తేదీన, నాటి ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యమున గిరాల్ట్ అను గ్రామమందు ఒక యూదు కుటుంబములో జన్మించెను. ఆ ఊరు నేడు స్లొవేకియా దేశమున నున్నది. తండ్రికి గొర్రెల పెంపకము జీవనాధారము. బాలుని చిన్నతనముననే ఆ కుటుంబము సముద్రము దాటి న్యూయార్కు చేరెను. వలసజనులు క్రిక్కిరిసిన తూర్పుపేటలో తండ్రి చిన్న కిరాణాకొట్టు పెట్టుకొనెను. కుమారుడు సరకుల మూటలు ఇండ్లకు చేర్చుచు చదువుకొనెను. ఏ ఇంటివారు వారమునకేమి కొందురో, జీతము తగ్గినప్పుడు మొదట దేనిని మానుదురో కిరాణాకొట్టు పిల్లవానికి వేరుగా నేర్పనక్కరలేదు. తరువాతి కాలమున తన పరిశోధనలో ఆయన దుకాణపు పద్దులకిచ్చిన స్థానము చూచినప్పుడు ఈ బాల్యము జ్ఞప్తికి వచ్చును.

మొదట ఇంజనీరు కాదలచి కళాశాలలో చేరిన ఆ యువకుడు ఒక వైద్యోపన్యాసము విని మనసు మార్చుకొనెను. 1895లో బెల్‌వ్యూ వైద్యకళాశాలనుండి పట్టము పొందెను. పెన్సిల్వేనియా రాష్ట్రమున కొంతకాలము సొంతముగా వైద్యము చేసి విసిగి, 1899లో ప్రభుత్వపు నౌకావైద్యశాఖలో ఉద్యోగము సంపాదించెను. తరువాత ఆ శాఖయే ప్రజారోగ్యశాఖ అయ్యెను. తొలి ఉద్యోగము న్యూయార్కు రేవులో వలసజనులను పరీక్షించుట. ఒకనాడు తాను వచ్చి దిగిన నగరమే అది. పిమ్మట అంటురోగములున్న చోటికెల్ల ఆయనను పంపుచు వచ్చిరి. ఎల్లోఫీవరు, డెంగీ, టైఫస్ జ్వరములను పరిశోధింపబోయి ఆ మూడింటిని తానును అనుభవించెను. 1906లో న్యూ ఆర్లియన్సు నగరవాసిని మేరీ ఫరార్‌ను వివాహమాడెను. ఆమె క్రైస్తవ కుటుంబమునకు చెందినది. అంతర్యుద్ధకాలమున దక్షిణరాష్ట్రముల కూటమికి అధ్యక్షుడైన జెఫర్సన్ డేవిస్‌కు బంధువు. ఇరువైపులవారికిని ఈ సంబంధము తొలుత రుచింపలేదు. అయినను వివాహము జరిగెను. ఆ ఇల్లాలు భర్త పరిశోధనలలో ఎంతవరకు పాలుపంచుకొనెనో ముందు తెలియగలదు.

1914లో ప్రజారోగ్యశాఖాధిపతి రూపర్ట్ బ్లూ పెల్లగ్రా పరిశోధన భారమును గోల్డ్‌బెర్గరుపై నుంచెను. ఆ రోగము కొత్తది కాదు. 1735లోనే స్పెయిను దేశమున గాస్పర్ కసాల్ అను వైద్యుడు మొక్కజొన్న తిని బ్రతుకు పేద రైతులలో దీనిని గుర్తించెను. ఇటలీవారు గరుకు చర్మమను అర్థమున దీనికి పేరుపెట్టిరి. అమెరికాలో 1906లో అలబామా రాష్ట్రపు నల్లజాతివారి పిచ్చియాసుపత్రిలో ఒక్కసారిగా 88 మందికి ఈ రోగము కనబడగా, వారిలో 57 మంది చనిపోయిరి. నాటినుండి దేశమంతట అలజడి పుట్టెను. అది సూక్ష్మజీవశాస్త్రము వెలుగొందుచున్న కాలము. 1897లో మన సికింద్రాబాదున రోనాల్డ్ రాస్ దోమకడుపులో మలేరియా జీవిని కనుగొన్న తరువాత, ఏ రోగమునకైనను ఒక క్రిమినో కీటకమునో వెదకుట వైద్యులకు సహజమైపోయినది. దక్షిణ కరొలినా రాష్ట్రములోని స్పార్టన్‌బర్గు ప్రాంతమున పరిశోధించిన ఒక సంఘము పెల్లగ్రా అంటువ్యాధియే యని తేల్చియుండెను. రోగులను చూచి ఇరుగుపొరుగువారు తలుపులు మూసికొనుచుండిరి. కొన్ని ఆసుపత్రులు సైతము వారిని చేర్చుకొనుటకు నిరాకరించెను.

గోల్డ్‌బెర్గరు దక్షిణరాష్ట్రములకు పోయి మొదట ప్రయోగశాల తెరువలేదు. పిచ్చియాసుపత్రులు, అనాథాశ్రమములు, ఖైదులు తిరిగి ఊరక చూచెను. చూచినకొలది ఒక విషయము స్పష్టమయ్యెను. రోగులతో రాత్రింబవళ్లు మెలగు నర్సులకుగాని, కాపలావారికిగాని పెల్లగ్రా సోకుట లేదు. అంటురోగమైనచో అది అధికారికి, ఆశ్రితునికి భేదము చూపునా? ఇరువురును ఒకే కప్పు క్రిందనే యున్నారు. వంటయిల్లు కూడ ఒకటియే కావచ్చును. కాని పళ్లెములు వేరు. సిబ్బందికి పాలు, మాంసము, గ్రుడ్లు లభించుచుండెను. రోగులకు మొక్కజొన్న రొట్టె, చెరకుపాకము, ఉప్పువేసిన పందికొవ్వు. మిసిసిపీ రాష్ట్రమున జాక్సన్ పట్టణపు అనాథాశ్రమములలో ఇంకను విచిత్రమైన సంగతి కనబడెను. ఆరేండ్లకు పైబడి పన్నెండేండ్లకు లోబడిన పిల్లలకే రోగము. పసివారికి పాలు పోయుదురు. పెద్దపిల్లలు పొలముపని చేయుదురు గనుక వారికి కొంత మాంసము పెట్టుదురు. నడిమివయసు పిల్లలు పనికిరారు, పసివారునుకారు. సంస్థ బీదది, కావున వారికి మొక్కజొన్నయే గతి. ప్రభుత్వ ధనముతో ఆయన ఆ పిల్లలకు పాలు, గ్రుడ్లు, మాంసము, చిక్కుడు బఠాణీలు పెట్టించెను. మరుసటి వసంతమున ఆ ఆశ్రమములలో పెల్లగ్రా దాదాపు మాయమయ్యెను. జార్జియా రాష్ట్రపు పిచ్చియాసుపత్రిలో ఇట్లే రెండు వార్డులవారికి ఆహారము మార్పించగా వారికి రోగము తిరుగబెట్టలేదు. మార్పించని వార్డులలో సుమారు సగముమందికి తిరుగబెట్టెను.

విమర్శకులు ఊరకుండలేదు. అంతట గోల్డ్‌బెర్గరు మంచి మనుష్యులకు ఆహారముచేతనే రోగము తెప్పించి చూపదలచెను. మిసిసిపీ గవర్నరు ఎర్ల్ బ్రూవరు క్షమాభిక్ష వాగ్దానము చేయగా, రాంకిన్ జైలుపొలమున పన్నెండుగురు తెల్లజాతి ఖైదీలు ముందుకు వచ్చిరి. 1915 ఏప్రిలు నుండి అక్టోబరు వరకు వారికి రొట్టె, మొక్కజొన్నజావ, వరియన్నము, చిలగడదుంపలు, కొంచెము ఆకుకూర, చెరకుపాకము తప్ప వేరొకటి లేదు. కడుపునకు కొదువ లేదు. పాలు, మాంసము మాత్రము లేవు. ఒకడు నడుమ తప్పుకొనెను. మిగిలిన పదునొకండుగురిలో ఆరుగురికి పెల్లగ్రా వచ్చెను. తరువాత అందరును విడుదల పొందిరి. ఖైదులో నున్నవానికి స్వేచ్ఛను ఆశచూపి రోగము తెప్పించుట నేటి వైద్యనీతి యొప్పుకొనని పని. ఎంత గొప్ప ఫలితము వచ్చినను ఈ మాట చెప్పక తప్పదు.

అయితే ఆ పరీక్షకు ఆయన తన శరీరమును మినహాయించుకొనలేదు. 1916 ఏప్రిలులో ఆయనయు, ఆయన సహచరుడైన డాక్టరు వీలరును రోగి రక్తమును తమ దేహములలోనికి ఎక్కించుకొనిరి. రోగుల గొంతులోని స్రావములను తమ గొంతులకు పూసికొనిరి. చర్మపు పొలుసులు, మలమూత్రములు పిండితో కలిపి మ్రింగిరి. ఇట్టి ప్రయోగములు పలుచోట్ల జరిగెను. మొత్తము పదునారుగురు పాల్గొనిరి. వారిలో స్త్రీ యొక్కతెయే. ఆమె మేరీ గోల్డ్‌బెర్గరు. పెల్లగ్రాతో మరణావస్థలో నున్న స్త్రీ రక్తమును ఆమెకు సూదితో ఎక్కించిరి. ఎవరికిని రోగము రాలేదు.

ఆయన జీవితమున మిక్కిలి గొప్ప పని ఇంతటి సాహసము లేనిది. అందువలన దాని పేరు లోకమున అంతగా వినబడదు. 1916లోనే ఆయన దక్షిణ కరొలినా రాష్ట్రమున ఏడు నూలుమిల్లు గ్రామములను ఎన్నుకొని ఇంటింటిని పరిశీలించుటకు పూనుకొనెను. తోడుగా ఎడ్గార్ సైడెన్‌స్ట్రికర్ అను ఆర్థికశాస్త్రవేత్త కుదిరెను. ఈయన చైనాలో మతప్రచారకుల యింట పుట్టినవాడు. నోబెలు బహుమానము పొందిన నవలారచయిత్రి పెర్ల్ బక్‌కు స్వయముగా అన్న. వైద్యుడును, ఆర్థికశాస్త్రవేత్తయు ఒకే గుమ్మమున నిలిచి ఒకరు పిల్లల చేతులమీది మచ్చలను, మరియొకరు ఇంటి రాబడిని వ్రాసికొనుట ఆ కాలమునకు క్రొత్త.

మిల్లు గ్రామమనగా ఊరంతయు మిల్లు యజమానిదే. ఇండ్లు ఆయనవి, దుకాణము ఆయనది. కొండప్రాంతములనుండియు, ఎండిన పొలములనుండియు దిగివచ్చిన తెల్లజాతి పేదలు అందు పనిచేయుచుండిరి. జీతము చేతికి రాకమునుపే దుకాణమున అరువు పెరుగును. గోల్డ్‌బెర్గరు బృందమువారు రెండు వారముల కొకసారి ప్రతి ఇంటికిని పోయి రోగులను లెక్కించిరి. రోగము పుట్టు ఋతువునకు ముందుగా ఆ ఇంటివారు పదునైదు దినములలో ఏ సరకు ఎంత కొనిరో దుకాణపు పద్దులనుండియు, గృహిణులనుండియు తెలిసికొనిరి. ఆరుగురు పిల్లలున్న ఇంటిని ఇద్దరే యున్న ఇంటితో పోల్చరాదు గదా. అందుచే వయసును, స్త్రీపురుష భేదమును బట్టి ఒక్కొక్కరి అవసరమును కొలిచి, ఇంటి రాబడిని దానితో భాగించిరి.

లెక్కలు తేలినప్పుడు తెలిసినది ఇది. అందరికంటె తక్కువ రాబడిగల కుటుంబములలో పెల్లగ్రా అధికముగా నుండెను. రాబడి మెట్టు మెట్టుగా పెరిగినకొలది రోగము తగ్గుచు వచ్చెను. క్రిందిమెట్టుకును పైమెట్టుకును గల అంతరము పదిరెట్లకు మించినది. మరుగుదొడ్లు బాగుగా నున్నవా లేవా యనుదానితో రోగమునకు సంబంధము కనబడలేదు. ఇంట పాడియావు ఉన్నదా, తాజా మాంసము వచ్చుచున్నదా యనుటయే ముఖ్యమని తేలెను. మరియొక సంగతి కూడ ఆ పద్దులనుండి వెలువడెను. యౌవనమందున్న గృహిణులకు పురుషులకంటె మిక్కుటముగా రోగము వచ్చుచుండెను. ఇంట ఉన్న కొద్దిపాటి పాలు, మాంసము సంపాదించు మగవానికిని, పిల్లలకును పెట్టి తల్లి మిగిలినది తినుటయే దీనికి కారణమని ఆయన గ్రహించెను. దీనిని తెలిసికొనుటకు తెలుగు ఇల్లాండ్రకు శాస్త్రజ్ఞుని సాయము అక్కరలేదు.

రాబడితోనే అంతయు తీరలేదు. న్యూరీ అను గ్రామమున పేదరికమున్నను పెల్లగ్రా లేదు. ఇన్మన్ అను గ్రామమున అది విరివిగా నుండెను. పేదవారు పేదవారే, భేద మెక్కడ నున్నది? న్యూరీలో ఏడాది పొడవునను తాజా మాంసము అమ్ము అంగడి యుండెను. చుట్టుపట్ల రైతులు పలురకముల పంటలు పండించి పాలు, గ్రుడ్లు, కూరలు ఊరిలోనికి తెచ్చి అమ్ముచుండిరి. ఇన్మన్ చుట్టును ప్రత్తి తప్ప వేరు పంట లేదు. డబ్బున్నను కొనుటకు పాలుండవు. అనగా కూలివాని ఆరోగ్యము ఆతని జీతముపై మాత్రమే కాక, పొరుగు రైతు ఏ పంట వేయుననుదానిపై కూడ ఆధారపడియున్నది. ఆ రైతు ఏమి వేయవలెనో నిర్ణయించువాడు అప్పిచ్చిన వర్తకుడు. నాములకిచ్చి పంట కళ్లములోనే కొలుచుకొను షావుకారును ఎరిగిన మన పల్లెవాసులకు ఈ గొలుసు సులభముగా అర్థమగును.

ఆ గొలుసు కొస పాలుకు దున్ను కౌలుదారుని గుడిసెలో నున్నది. భూస్వామికి ప్రత్తి కావలెను. వర్తకుడు ప్రత్తి మీదనే అప్పిచ్చును. అందుచే ప్రత్తిమొక్కలు గుమ్మము వరకు వచ్చెడివి. పెరటితోటకు చోటులేదు, ఆవును కట్టుటకు మేపు లేదు. చలికాలమంతయు అప్పుతెచ్చిన మొక్కజొన్నపిండి, పందికొవ్వు, చెరకుపాకము. వసంతమున రోగము. పూర్వము ఆ పిండి ఊరి తిరుగలిలో విసరినది. రైళ్లు వచ్చిన తరువాత మొలకభాగమును తీసివేసిన మరపిండి దూరపు మిల్లులనుండి చౌకగా దిగుమతి యయ్యెను. దానివలన ఉన్న కొద్ది సారము కూడ పోయెను. మొక్కజొన్నకు పుట్టినిల్లయిన మెక్సికోలో గింజలను సున్నపు నీట ఉడికించి రుబ్బుట ఆచారము. అందువలన గింజలోని సారము ఒంటబట్టి అచ్చట ఈ రోగము అరుదుగా నుండెను. గింజ సముద్రములు దాటినది గాని వంట దాటలేదు.

1920లో ప్రత్తిధర హఠాత్తుగా పడిపోయెను. మరుసటి యేట పేదల ఇండ్లలో పాలు, మాంసము లేకుండ పోవునని, పెల్లగ్రా విజృంభించునని గోల్డ్‌బెర్గరు హెచ్చరించెను. అధ్యక్షుడు హార్డింగు 1921లో ఆ మాటను లోకమునకు వెల్లడించి సాయము చేయించదలచెను. అప్పుడు జరిగినది ఆశ్చర్యకరము. దక్షిణరాష్ట్రముల రాజకీయనాయకులు, వర్తకసంఘములవారు తమ ప్రాంతమున కరవు లేదని, రోగము లేదని, ఇది తమ గౌరవమునకు భంగమని ఆగ్రహించిరి. ఊరికి చెడ్డపేరు వచ్చినచో పెట్టుబడి రాదు, భూముల ధర పడిపోవును. రోగుల పక్షమున మాటాడువారు లేరు. సాయపు ప్రయత్నము ఆ గగ్గోలులో కలసిపోయెను. ఆయన ఉత్తరాదిన పెరిగినవాడు, వలసవచ్చిన యూదుడు. ఈ రెండును ఆయన మాట విలువను తగ్గించుటకు తోడ్పడినవనుటలో సందేహము లేదు.

వేతనములు పెంచుట, భూమి పంచుట వైద్యుని చేతిలోనివి కావు. కావున చౌకగా దొరకు మందేదైన నున్నదా యని ఆయన వెదకసాగెను. కుక్కలకు వచ్చు నల్లనాలుక రోగము పెల్లగ్రా వంటిదేయని కనుగొని, వాటిపై ఒక్కొక్క ఆహారపదార్థమును పరీక్షించెను. సారాయి బట్టీలలో వాడు ఈస్టు కొద్దిమోతాదుననే రోగమును నివారించుట తెలిసెను. 1927లో మిసిసిపీ నది పొంగి లక్షలాదిమందిని నిరాశ్రయులను చేసినప్పుడు ఆయన సైడెన్‌స్ట్రికర్‌తో కలసి వరదప్రాంతములకు పోయెను. రెడ్‌క్రాసు సంఘము వేలకొలది పౌన్ల ఈస్టును పంచిపెట్టెను, ప్రాణములు దక్కెను. కాని వారిరువురు వ్రాసిన నివేదిక వరదను మాత్రము నిందించి ఊరకుండలేదు. ఒకే పంటపై ఆధారపడిన సేద్యము, కౌలుపద్ధతి, అప్పులు మారనంతవరకు ఈ రోగము మరల మరల వచ్చునని తెలియజేసినది. ఆ ప్రాంతపు కౌలుదారులలో అధికసంఖ్యాకులు నల్లజాతివారు. పూర్వము మిల్లు గ్రామములలో జరిగిన పరిశీలన ప్రధానముగా తెల్లవారికి సంబంధించినది. అందరికంటె ఎక్కువ బాధపడినవారు ఆ లెక్కలకు చాలవరకు వెలుపలనే యుండిరి. ఈ లోపమును 1927 నివేదిక కొంత పూరించినది.

అప్పటికే ఆయన దేహమున మూత్రపిండముల క్యాన్సరు వ్యాపించుచుండెను. 1929వ సంవత్సరము జనవరి 17వ తేదీన, తన యేబదినాల్గవ యేట, వాషింగ్టను నగరమున కన్నుమూసెను. చితాభస్మమును పొటోమాక్ నదిలో కలిపిరి. సుమారు ముప్పదేండ్ల కాలము జ్వరములతోను, రోగులతోను గడపిన ఆ ఉద్యోగి కుటుంబమునకు మిగిల్చిన ఆస్తి స్వల్పము. భార్యకు నెలకు 125 డాలర్ల పింఛను ఇచ్చుటకు అమెరికా చట్టసభ ప్రత్యేకముగా అంగీకరింపవలసి వచ్చెను.

ఆయన వెదకిన పదార్థము నికొటినిక్ ఆమ్లమని 1937లో కాన్రాడ్ ఎల్వెహ్యెమ్ కనుగొనెను. 1940 తరువాత రొట్టెపిండిలో దానిని కలుపుట ప్రారంభించిరి. మన దేశమున మొక్కజొన్నకు బదులు జొన్న ఈ రోగమునకు తోడైనది. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయమున గోపాలన్, శ్రీకాంతయ్య అను శాస్త్రజ్ఞులు తెలంగాణ ప్రాంతమున జొన్నరొట్టె, జొన్నసంకటితో జీవించు పేదకూలీలలో పెల్లగ్రాను పరిశీలించి, 1960లో తమ అభిప్రాయములను ప్రకటించిరి. జొన్నలో అధికముగా నుండు లూసిన్ అను పదార్థము రోగమునకు కారణము కావచ్చునని వారనిరి. దానిపై శాస్త్రజ్ఞులలో వాదము చాలకాలము సాగినది. రోగులు మాత్రము ఇచ్చటను పప్పు, పాలు కొనుటకు శక్తి చాలని కూలిజనమే.

అమెరికా దక్షిణరాష్ట్రములలో మందుకంటె ముందుగా ఒక పురుగు వచ్చెను. మెక్సికోనుండి 1892 ప్రాంతమున టెక్సాసులో ప్రవేశించిన ప్రత్తికాయ పురుగు ఏటేట తూర్పునకు ప్రాకుచు పంటలను నాశనము చేసెను. వర్తకులు, భూస్వాములు విలపించిరి. గతిలేక రైతులు ప్రత్తి తగ్గించి ఆహారపు పంటలు వేసిరి. ఆ పురుగు దిగిన జిల్లాలలో పెల్లగ్రా మరణములు తగ్గినట్లు 2019లో ఆర్థికచరిత్రకారులు లెక్కలతో చూపిరి. అలబామా రాష్ట్రములోని ఎంటర్‌ప్రైజ్ పట్టణమువారు ప్రత్తి మాని వేరుసెనగ వేసి బాగుపడి, అందుకు కారణమైన ఆ పురుగు పేర 1919లోనే నడివీథిలో ఒక స్మారకము నిలిపిరి. అది నేటికిని అచ్చట నున్నది.